చెల్లని సాక్ష్యం

అన్యాయం జరిగింది ఎవరికి? యాదవ్వకు. చేసింది ఎవరు? తమ్ముడి భార్యగా ఆమెను కాపాడవలసిన బావ రాజలింగు. ఏ విధంగా? ఒకే ఒక వాక్యంతో.

ఆ వాక్యాన్ని అతడు కొత్తవాడ మార్కండేయ గుడి అరుగు ముందు, కులసంఘం పెద్దలు వింటుండగా, పడుగు నూలు చేతబట్టుకొని ప్రమాణం చేసి పలికాడు. "సావుకారి నూలు ఎత్తుకపోంగ నా కండ్లతోని చూసిన. మా మరదలే." ఆ నూలును మండిబజారులో అమ్ముకొని తాగినవాడు తానే. తమ్ముడు వెంకట్రాజం పోయి ఏడాది తిరగని ఇంట్లో, వెనుక నిలిచే మనిషి లేని ఆడదాని మీద నేరం మోపడానికి పెద్ద గుండె అక్కర లేదు. రాజలింగుకు ఉన్నది ఆపాటి గుండే.

కొత్తవాడలో దొంగకు జైలు లేదు, దెబ్బలు లేవు. నూలు బందు పెడతారు. అంటే ఆ మనిషికి వాడకట్టులో ఎవరూ ఒక్క చిలప, అంటే ఒక్క కట్ట నూలైనా ఇవ్వరు, కండె చుట్టనివ్వరు, రాట్నం ముట్టనివ్వరు. సాలె ఇంటి మనిషిని ప్రాణంతోనే పాతిపెట్టే పద్ధతి అది. యాదవ్వ నర్సంపేట వైపు వెళ్ళి పరుల చేలల్లో పత్తి ఏరుకొని బతికింది. దూది ఆమె చేతికి దక్కింది కానీ, ఇన్నేళ్ళుగా దారం దక్కలేదు.

ఆ యాదవ్వ శనివారం పొద్దున, మిల్లు సైరను మోగిన కాసేపటికి, సంచి చంకన పెట్టుకొని గడప ముందు నిలబడితే, ఇంట్లో ఉన్న ముగ్గురు పెద్దవాళ్ళలో ఒక్కరికీ లోపలికి రమ్మనడానికి నోరు రాలేదు.

రాజలింగు భార్య శకుంతల చుడుతున్న కండెను నేల మీద పెట్టింది. అత్త రాములవ్వ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. కొడుకు బాప్తిస్మం తీసుకున్ననాడే ఆ ముసలామె తన కుండా తన పొయ్యీ వేరు చేసుకున్నది. రాజలింగు మాత్రం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని, కొత్తగా నేర్చిన భక్తి పాట ఒకటి కూనిరాగం తీస్తున్నాడు. మరదలిని చూసి పాట సగంలో మింగాడు.

"నర్సంపేటల మీ మీటింగు అయిందట గద బావా," అన్నది యాదవ్వ. "మైకుల చెప్పిండ్రట, కొత్తవాడ రాజలింగు ఆదివారం ఓరుగల్లుల సాక్ష్యం చెప్తాండని. నాతోటి కూలోళ్ళు ఇని నాకు చెప్పిండ్రు. సాక్ష్యం అనంగనే నా పానం లేచొచ్చింది. ఇన్నొద్దులకు మా బావకు బుద్ధొచ్చింది, నిజం చెప్తాండు అనుకున్న. రేపు సంఘం గూడ కూసుంటదట, సర్కారు జనతా బట్టకు కొత్తగ మగ్గాలిస్తదట. అది మంచిగ కలిసొచ్చింది అనుకొని బస్సెక్కిన."

శకుంతలకు విషయం ఒక్కసారిగా అర్థమైంది. అర్థమై, ముఖం పక్కకు తిప్పుకున్నది.

ప్రార్థన మందిరంలో సాక్ష్యమంటే, మారుమనసు పొందిన మనిషి తన మార్పు కథను పదిమంది ముందు చెప్పుకోవడం. గుడి అరుగు ముందు సాక్ష్యమంటే, చూసింది చూసినట్టు చెప్పడం. యాదవ్వకు తెలిసింది రెండోదే. రాజలింగు చెప్పబోయేది మొదటిది.

"అది ఆ సాక్ష్యం కాదు, యాదవ్వా," అన్నాడతడు, గొంతులో లేని ఓదార్పు తెచ్చిపెట్టుకొని.

"మరేం సాక్ష్యం?"

"ప్రభువు నన్ను ఎట్ల రక్షించిండో చెప్పుడు."

"ఏం చేత్తివని రక్షించవలసి వచ్చింది?"

"పాపినని చెప్త గద."

"ఏం పాపం చేసిన పాపివి?"

రాజలింగు పడుగు పోగుల నడుమ నాడెను ఇటు నుంచి అటు జరిపాడు.

"సాక్ష్యం ఇంకెన్ని తీర్లుంటయి బావా? నాకు ఒక్కటే తెలుసు."

"నువ్వు పాత సంగతులు తవ్వుతానవ్. యేసు రక్తం నా పాపాలన్నిటిని కడిగేసింది. ఇగ అవి లేనే లేవు. నాకు మనశ్శాంతి దొరికింది. నువ్వు సుత నమ్ముకో, నీకూ దొరుకుతది."

యాదవ్వ చాలాసేపు అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే శకుంతల ఓర్చుకునేది. పాడైపోయిన కూరను చూసినట్టు చూసింది.

"నీ మీదున్నది కడిగిండు, మంచిది. అది నా మీద పడ్డది గద బావా. నా మీదున్నది ఎందుకు కడగలే?"

రాములవ్వ పొయ్యి ముందు నుంచే అందుకున్నది. "మంచిగ దొరికిండ్రు నా కొంపకు. ఒకడు కులం చెడె, ఒకతి నూలు దొంగాయె. ఇద్దరు కలిసి పాటలు పాడుకోండ్రి. నేను చెవులు మూసుకుంట."

"నేను దొంగనని నువ్వు నమ్మినవా అత్తా?"

ముసలామె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"సరే," అన్నది యాదవ్వ, అరుగు మీద చతికిలబడి. "ఏ తీరు సాక్ష్యమైతే ఆ తీరే ఇంట. పైసలు పెట్టి బస్సెక్కి వచ్చిన, ఇనకుంట ఎట్ల పోత."

భర్తను ఏవగించుకోవడం శకుంతలకు కొత్త కాదు. అతడు తాగి వచ్చిన రోజుల్లో ఏవగించుకున్నది. తాగుడు మానిన తరువాత మరింత ఏవగించుకున్నది. తాగుబోతు రాజలింగు కనీసం తలవంచుకొని ఇంట్లోకి వచ్చేవాడు. రక్షించబడిన రాజలింగు తల ఎత్తుకొని వస్తున్నాడు. కల్లు దుకాణంలో ఎంత ఖర్చుపెట్టినా దొరకని గౌరవం అతనికి పశ్చాత్తాపంలో ఉచితంగా దొరికింది.

*

కాశిబుగ్గ అవతల రేకుల షెడ్డే ప్రార్థన మందిరం. పాస్టరు ఉప్పలయ్య ఒకప్పుడు మార్కెట్లో మిరప బస్తాలు మోసిన మనిషి. ఇప్పటికీ భుజం ఒకవైపుకు వంగే ఉంటుంది. సాలెవాడ నుంచి తన మందకు వచ్చిన తొలి మనిషి రాజలింగు. ఆ సంతోషంలో ఉప్పలయ్య చేయకూడని పని ఒకటి చేశాడు. కేసముద్రం సభకు, నర్సంపేట సభకు అతణ్ణి వెంట తిప్పుకొని, బాసింగం కట్టిన పెండ్లికొడుకును చూపించినట్టు జనానికి చూపించాడు. రాజలింగు ఆ బాసింగాన్ని ఇంతవరకు విప్పలేదు.

ఆదివారం పొద్దున శకుంతల మొదటిసారి ఆ షెడ్డులో అడుగుపెట్టింది. భక్తితో కాదు. యాదవ్వను ఒంటరిగా పంపడానికి భయమేసి వచ్చింది. ఆ భయం యాదవ్వ గురించి కాదని తనకు తెలుసు.

రాజలింగు లేచి నిలబడ్డాడు. సారా గురించి చెప్పాడు. పేకాట గురించి చెప్పాడు. పెండ్లాన్ని కొట్టిన సంగతి చెబుతూ, ఆ పెండ్లాం ఎదురుగా కూర్చొని ఉన్న సంగతి మరిచిపోయాడు. "ఇంక చెప్పరాని పాపాలు చేసిన," అని గొంతు పైకెత్తి, సరిగ్గా ఎత్తవలసిన చోట వణికించి, కండువాతో కళ్ళు అద్దుకున్నాడు. షెడ్డంతా స్తోత్రం అన్నది.

ఆడవాళ్ళ వైపు నుంచి యాదవ్వ లేచింది.

"అయ్యగారూ, నేను ఊరిదాన్ని, మీ పద్ధతి నాకు తెల్వది. ఒక్క మాట అడుగుత. చెప్పరాని పాపం అంటాండు. ఎందుకు చెప్పరాదు?"

ఉప్పలయ్య మొదట పాస్టర్లందరూ చేసే పనే చేశాడు. "కూసో చెల్లే, ప్రార్థన అయినంక మాట్లాడుకుందాం."

"ప్రార్థన అయినంక ఈయన సాక్ష్యం చెప్పినట్టే లెక్కాయె. నేను ఈయన తమ్ముని భార్యను. ఈయన అమ్ముకున్న నూలు నా మీద పెట్టి, గుడి ముందట అబద్ధం చెప్పి, నాకు నూలు బందు చేయించిండు. ఈడ మీరందరు స్తోత్రం అంటాండ్రు. మీ స్తోత్రం నాకు పనికొస్తదా అని అడుగుతాన, అంతే."

ఉప్పలయ్య రాజలింగు వైపు తిరిగాడు.

"నిజమేనా తమ్మీ?" అన్నాడు ఉప్పలయ్య.

రాజలింగు కండువా ముఖం మీదే ఉండిపోయింది.

"కండువ తియ్యి. నిజమేనా?"

"నిజమే అయ్యగారూ. కని ప్రభువు నన్ను క్షమించిండు గద."

ఉప్పలయ్య ముఖం ఎర్రబడింది. ఆ సిగ్గు సగం తనదే. "క్షమించిండు. నేను కాదనను. పాపం చెర అన్నవ్, చెరల నుంచి నన్ను విడిపించిండన్నవ్, నర్సంపేటల అదే అంటివి, కేసముద్రంల అదే అంటివి. విడుదలైనోడివి మీ కులపెద్ద ఎల్లస్వామి మొఖం చూడనీకి ఎందుకు భయపడ్తానవ్? జైలు తలుపు తీసినంక లోపల్నే కూసొని పాటలు పాడేటోన్ని ఏమంటరు?"

ఉప్పలయ్య రెండడుగులు ముందుకు వచ్చాడు.

"నేను నిన్ను ఊరూరు తిప్పి తప్పు చేసిన. అబద్ధం యాడ చెప్పినవో ఆడికే పోయి నిజం చెప్పు. అందాక ఈ షెడ్డుల నువ్వు నోరు తెరువకు."

రాజలింగు కూర్చోలేదు. ఎక్కడ చూడాలో తెలియక, చేతుల వైపు చూసుకున్నాడు. అతని కళ్ళు అప్పుడు పొడిగా ఉన్నాయి. శకుంతల ఆ మనిషి ఏడుపు చాలాసార్లు చూసింది. ఏడవలేకపోవడం చూడటం అదే మొదలు.

*

ఇంటికి వచ్చాక అన్నం ఎవరూ తినలేదు. యాదవ్వ బయట అరుగు మీదే ఉండిపోయింది. లోపల రాజలింగు గోడకు ఆనుకొని, భార్యకు మాత్రమే వినిపించేటట్టు, పాట లేని గొంతుతో అన్నాడు.

"నూలు నేనే అమ్మిన, శకుంతలా."

"ఎరుకే."

అతడు తల ఎత్తాడు. "ఎట్లెరుక?"

"మన మగ్గం గుంటల గడ్డి కింద చిలపలు దాచిపెట్టినవు. ఊడ్వంగ చూసిన. మూడొద్దులకు అవి లేకుంటపోయినయి, నువ్వు తాగొచ్చినవు. ఆ తెల్లారే పంచాయతి."

"మరి అననేలేదు."

"ఎవలకు అంటరు? మొగడు దొంగ అంటే పెండ్లానికి నూలిస్తరా?"

ఇన్నేళ్ళుగా భర్త మీద ఉన్న అసహ్యాన్ని శకుంతల తన పుణ్యంగా లెక్కవేసుకున్నది. నేను ఈ మనిషిలాంటిదాన్ని కాను అన్న ధీమాతో పొద్దున లేచేది, మాపుకు పడుకునేది. ఆ అసహ్యం ఎన్నడూ ఇల్లు దాటి వాడకట్టులో కాలు పెట్టలేదన్న సంగతి ఇప్పుడు నోటితో చెప్పాకే తన చెవికి వినిపించింది. ఎంత చవక అసహ్యం అది.

"సాయంత్రం పోత," అన్నాడు రాజలింగు.

రాములవ్వ తలుపులో నిలబడింది. "పో. పొయ్యి చెప్పు. నూలిచ్చే సారంగపాణి సావుకారి రేపే నూలు బందు పెడతడు. నీ పిల్లలకు ఆ షెడ్డుల అన్నం పెడ్తరా? అది యాడనో పత్తి ఏరుకొని బతుకుతాంది, బతుకనియ్యి. సచ్చినోడెట్లా రాడు. ఇది వస్తే ఏంది, రాకుంటే ఏంది."

చచ్చినవాడు ఆమె కన్న కొడుకే. ఆ మాట నోరు జారాక ముసలామె కూడా గోడ వైపు తిరిగింది.

*

సాయంత్రం సంఘం కూర్చున్నది. కులపెద్ద ఎల్లస్వామి అరుగు నడుమ ఉన్నాడు. అతని పక్కన సారంగపాణి సావుకారి పాన్‌దాన్ తెరిచి సున్నం గీరుకుంటున్నాడు. రాజలింగు మెట్టు కిందే ఆగాడు. అతని వెనుక యాదవ్వ, శకుంతల, రాములవ్వ నిలబడ్డారు. వీధి అవతల, సైకిలు పట్టుకొని ఉప్పలయ్య నిలబడి ఉన్నాడు. తనను ఇటు రానివ్వరని అతనికి తెలుసు.

"ఎల్లస్వామి మామా, నేను సాక్ష్యం చెప్పడానికి వచ్చిన," అన్నాడు రాజలింగు.

"ఎవని సాక్ష్యం? యేసు సాక్ష్యమా? ఇది గుడి బిడ్డా, తొవ్వ తప్పినవు." అరుగు మీద నవ్వులు లేచాయి.

"యాదవ్వ నూలు ఎత్తుకపోలేదు. నేను అమ్ముకున్న. అబద్ధం చెప్పిన."

నవ్వులు ఆగాయి. ఎల్లస్వామి మీసం దువ్వుకున్నాడు. పెద్దమనుషులు ఒకనాడు చేసిన తప్పు వాళ్ళ ఎదురుగా నిలబడినప్పుడు, దాన్ని చూడకుండా ఉండడానికి వాళ్ళకొక నియమం ఎప్పుడూ దొరుకుతుంది.

"మతం తప్పినోని సాక్ష్యం ఈ గడపల చెల్లదు."

"అబద్ధం చెప్పిననాడు నేను మీవాన్నే గద మామా. అది చెల్లింది. ఇప్పుడు కొత్త మాటేం చెప్తలేను. ఆనాటి మాట వాపసు తీసుకుంటాన."

"చెప్పిన మాట వాపసు ఉండదు. అయినా నీ దేవుడు నిన్ను క్షమించిండటగద, మైకులు పెట్టి చెప్తిరి. ఇంకేం గావాలె నీకు?"

"క్షమించిండు మామా. అందుకే వచ్చిన. ఆయన క్షమించకపోతే ఈ మెట్టుదాక రావడానికి నాకు కాళ్ళే లేకుండె."

ఆ మాటలో వణుకు లేదు, ఎత్తుపల్లాలు లేవు. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. శకుంతల తన ఏవగింపు కోసం వెతుక్కున్నది. దానికి ఆనుకోవడానికి చోటు దొరకలేదు. ఈ మనిషి దగ్గర దాచుకునేది ఏదీ మిగలలేదు. మిగలలేదు గనుక ఎవరూ ఇతణ్ణి ఏమీ చేయలేరు. సంకెళ్ళు లేకుండా నిలబడటం అంటే ఇదే కాబోలు అనుకున్నది. రేకుల షెడ్డులో అంతసేపు అరిచి చెప్పిన విడుదల సంగతి ఈ మెట్టు కింద, గొంతు ఎత్తకుండానే కనిపించింది.

"చెల్లదంటే చెల్లదు," అన్నాడు ఎల్లస్వామి. "మన కులపోళ్ళల్ల చూసినోళ్ళున్నరా? ఉంటే చెప్పుమను. లేకుంటే సంఘం లేస్తది."

రాములవ్వ కోడలి మణికట్టు పట్టుకున్నది. ముసలి పట్టే అయినా గట్టి పట్టు. శకుంతల దాన్ని విడిపించుకోవడానికి గుంజలేదు. అత్తను కూడా వెంటబెట్టుకొని నడిచినట్టు, ఆ చేయి తనంత తాను జారిపోయేదాకా ముందుకు నడిచింది.

"నేను చూసిన."

"నూలు పట్టుకొని చెప్పు," అన్నాడు ఎల్లస్వామి. అతని ఉద్దేశం భయపెట్టడమే.

ఒక తెల్ల చిలప ఆమె చేతికి ఇచ్చారు.

"సావుకారి చిలపలు మా మగ్గం గుంటల గడ్డి కింద చూసిన. పెట్టింది మా ఆయన. యాదవ్వకు తెల్వనే తెల్వదు."

"అప్పుడు ఏమాయె నీ నోటికి?"

"మా ఆయన నోరు తెరిచి అబద్ధమాడిండు మామా. నేను నోరు మూసుకొని ఆడిన. ఇద్దరిదీ ఒకటే లెక్క."

ఎల్లస్వామికి మరో నియమం దొరకలేదు. చివరకు, పక్కవాడితో అన్నట్టు, "యాదవ్వ మీద మాట లేదు," అని గొణిగాడు.

సారంగపాణి పాన్‌దాన్ మూత వేశాడు. "మంచిది. రేపటిసంది రాజలింగు మగ్గానికి నూలు లేదు. ఇది నా మాట."

రాజలింగు తల ఊపాడు. అంతే. ఏడవలేదు, బతిమాలలేదు, పాడలేదు.

ప్రమాణం చేసిన నూలును పెద్ద చేతికి తిరిగి ఇవ్వడం అక్కడి పద్ధతి. ఎల్లస్వామి చేయి చాచాడు. శకుంతల ఆ చేయిని చూసి, చూడనట్టు పక్కకు తిరిగి, అందరి ఎదుట యాదవ్వ దగ్గరికి వెళ్ళి చిలపను ఆమె రెండు అరచేతుల్లో పెట్టింది.

పత్తికాయల డొప్పలు గీరి గీరి చీలిన వేళ్ళు అవి. పోగులు ఆ చీలికల్లో తగులుకున్నాయి. యాదవ్వ వాటిని తెంపలేదు. ఒక్కొక్క పోగును ఓపికగా విడదీస్తూ, నూలు ఎంత సన్నమో, ఏ నంబరో వేలి కొసతో చూసుకున్నది.

"యాదవ్వా," అన్నాడు రాజలింగు, మెట్టు కింద నుంచే.

ఆమె తల ఎత్తింది. ముఖంలో చిరునవ్వు లేదు, కోపం లేదు. క్షమించానని ఆమె అనలేదు. ఆ పని ఎవరిదో వాళ్ళకే వదిలేసింది. బాకీ వసూలైన మనిషి ఇచ్చినవాడి ముఖం చూసి చెప్పవలసిన మాట ఒక్కటే చెప్పింది.

"ముట్టింది బావా. అంతా ముట్టింది."